తాళాలు అప్పగించిన ఆదివారం

మా చర్చి ఆఫీసులో ఫోనెత్తేది నేను. బులెటిన్ ప్రింట్ చేసేది నేను, హాలు బుక్ చేసేది నేను, కాపీ మిషన్ మొరాయిస్తే దాన్ని తిట్టేదీ నేనే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఎపిస్కోపల్ చర్చి అది. ఆదివారం పొద్దున వచ్చి కూర్చునేవాళ్ళకి అంతా దానంతటదే నడుస్తున్నట్టు కనపడుతుంది. దాని వెనక మేం కొద్దిమందిమి ఉంటాం. జీతం లేకుండా పాస్టరుకి సాయంగా సేవ చేసే డీకన్ ఒకాయన, కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరై వచ్చినవాడు. ఆర్గన్ వాయించే ఆవిడ ఒకరు, నేను పాటల నంబర్లు తప్పు వేస్తానని ఆవిడకి ఎప్పుడూ అనుమానమే. బిల్డింగ్ చూసుకునే ఆయన ఒకరు. ఆఫీసులో నేను. మా అందరి మీద రెక్టర్, అంటే సంఘానికి పెద్ద పాస్టరు.

నేను చేరినప్పుడు రెక్టర్ ఒక ఆవిడ. పొడుగు మనిషి, గట్టిగా నవ్వేది, స్నో పడుతున్నా కోటు గుండీలు పెట్టుకునేది కాదు. మాతోనే ఉండే మా అత్తయ్యకి మొదట్లో ఆవిడ అస్సలు నచ్చలేదు. అత్తయ్యది రేపల్లె వైపు. పుట్టుకతో క్రైస్తవులం మేమంతా. అత్తయ్య చర్చిని ఇప్పటికీ గుడి అనే అంటుంది. ఆడమనిషి సంస్కారం ఇవ్వడమేంటని మొదటి ఆదివారమే మూతి ముడిచింది. సంస్కారమంటే బల్ల దగ్గర తీసుకునే రొట్టె, ద్రాక్షారసం. అది పుచ్చుకోకుండా అత్తయ్య ఏ పెద్ద పనికీ బయల్దేరదు. ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. మన దగ్గర పాస్టరుగారు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. ఇక్కడ పాస్టరే అమ్మగారైతే ఆవిడ మొగుణ్ణి ఏమనాలి? ఆయన పళ్ళ డాక్టరు. అత్తయ్య కొన్నాళ్ళు ఆలోచించి ఆయన్ని అయ్యగారిని చేసేసింది. కనపడినప్పుడల్లా వందనాలు చెప్పి, తల వంచి, ప్రార్థన చెయ్యమని నిలబడేది. పాపం ఆయన బిక్కమొహం వేసుకుని భార్య కోసం వెతుక్కునేవాడు.

ఆ మొదటి చలికాలం అత్తయ్య ఇల్లు కదల్లేదు. ఆఫీసుకెళ్ళేవాళ్ళం ఆఫీసుకి, స్కూలుకెళ్ళేవాళ్ళు స్కూలుకి. ఆవిడ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్ళ కుక్కని చూసుకునేది. రెక్టర్ వారం వారం వచ్చేది. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు. నేను మధ్యలో తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ నా వైపు చిరాగ్గా చూసేవారు. ఈస్టర్ ముందు శ్రమల కాలం వచ్చేసరికి అత్తయ్య ఆవిడ చేతి సంస్కారం తీసుకుంది. ఆ తర్వాత ఇంకెవరి చేతా తీసుకోవడానికి ఇష్టపడేది కాదు. డీకన్ ఉన్న వైపు లైను ఖాళీగా ఉన్నా సరే, వెళ్ళి ఆవిడ వైపే మోకరించేది.

ఆ రెక్టర్ రిటైరైంది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

ఈ చర్చిలో ఒక పద్ధతి ఉంది. రెక్టర్ వెళ్ళిపోయారంటే పూర్తిగా వెళ్ళిపోవాలి. ఆ ఊళ్ళోనే ఉన్నా సరే ఆ చర్చికి రాకూడదు. పెళ్ళి చెయ్యకూడదు, పసిపిల్లకి బాప్తిస్మం ఇవ్వకూడదు, ఆస్పత్రికెళ్ళి ప్రార్థన చెయ్యకూడదు, వెనక బెంచీలో కూడా కూర్చోకూడదు. తర్వాత వచ్చినవాళ్ళు కుదురుకుని, వాళ్ళంతట వాళ్ళు పిలిస్తే తప్ప. పాత మనిషి చుట్టుపక్కల తిరుగుతుంటే కొత్త మనిషికి ఎవరూ దగ్గర కారని దీన్ని పెట్టారు. ఆలోచిస్తే న్యాయమే. కానీ ఆ న్యాయాన్ని ఫోన్లో అప్పజెప్పేది నేను కదా. మా అమ్మాయి పెళ్ళికి ఆవిడే కావాలని ఒకరు, మా నాన్న చివరి రోజుల్లో ఉన్నాడని ఒకరు. కుదరదండీ, క్షమించండి అని చెప్పీ చెప్పీ నా గొంతు నాకే అసహ్యం వేసేది. నేను మాత్రం తొమ్మిదేళ్ళు ఆవిడ పక్క గదిలో పని చెయ్యలేదా? నాకు మాత్రం ఆవిడ మీద బెంగ లేదా?

వెళ్ళిపోయే ఆదివారం ఒక ఆరాధన క్రమం ఉంటుంది. బల్ల ముందు నిలబడి రెక్టర్ మెడలోని స్టోల్, అంటే పాస్టర్లు వేసుకునే పొడుగాటి పట్టీ, తీసి మడిచి పెట్టింది. చర్చి తాళాలు సంఘపెద్ద చేతికి ఇచ్చేసింది. నా వల్ల జరిగిన తప్పులకి నన్ను క్షమించండి అంది. క్షమిస్తున్నాం, వెళ్ళిరండి అని సంఘమంతా పుస్తకంలో ఉన్నట్టు జవాబు చెప్పింది. ఆవిడ ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఆర్గన్ ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి రెండు చేతులూ కావాల్సొచ్చి పాట మధ్యలో ఆగిపోయింది. మా ఆయన ఆ రోజు వెనక తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నాడు, నేను వీడ్కోలు పార్టీకి కేకు వచ్చిందా లేదా అని హాలుకీ చర్చికీ మధ్య పరుగులు పెడుతున్నాను. అత్తయ్య పక్కన తెలుగు మాట చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి నాకు తర్వాత కానీ తట్టలేదు.

కొత్త రెక్టర్‌ని వెతికి ఎంచుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. అంతవరకు నడిపించడానికి బిషప్ ఆఫీసు ఒక తాత్కాలిక ఫాదర్‌ని పంపింది. అరవై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. భార్య పోయింది, పిల్లల్లేరు. ఖాళీ అయిన చర్చికి వెళ్ళడం, దాన్ని ఒక దారిలో పెట్టి ఇంకో చర్చికి వెళ్ళిపోవడం, అదే ఆయన పని. వచ్చిన వారంలోనే నా బీరువా సర్దేశాడు. నా బీరువా! అప్పుడే నాకు ఒళ్ళు మండింది.

ఆయన వచ్చిన మొదటి ఆదివారం అత్తయ్య బెంచీలోంచి లేవలేదు. మోకాలు నొప్పి అంది. తర్వాతి ఆదివారం కూడా మోకాలే. ఆ తర్వాత మోకాలి పేరు కూడా చెప్పడం మానేసి, అందరూ బల్ల దగ్గరికి వెళ్తుంటే చేతులు కట్టుకుని ఎదురుగా గోడ చూసేది. ఇంట్లోనూ అదే వరస. నా చేతి కాఫీ వద్దంది, మైక్రోవేవ్‌లో తనే పాలు కాచుకుంది. నా మీద దేనికో అలిగిందనుకున్నాను. అత్తాకోడళ్ళం, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది, రెండ్రోజుల్లో తగ్గుతుందిలే అని ఊరుకున్నాను.

తగ్గలేదు. చలికాలం వచ్చింది. అత్తయ్యకి మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే ఆయాసం. గుండెలో వాల్వు మార్చాలన్నారు. ఆ వయసులో ఓపెన్ సర్జరీ. డాక్టరు రిస్క్ గురించి చెప్తుంటే మా ఆయన ముఖం పాలిపోయింది. గురువారం ఆపరేషన్ అనగా, దాని ముందు ఆదివారం కూడా ఆవిడ బెంచీలోంచి కదల్లేదు. సంస్కారం లేకుండా మంగళగిరి దాకా కూడా ప్రయాణం కట్టని మనిషి, ఈ ఆపరేషన్‌కి ఒట్టి చేతులతో వెళ్తానంటోంది. రేపు ఏదైనా అయితే? ఆ మాట నేను పైకి అనలేదు, కానీ కార్లో ఇంటికి వచ్చేంతసేపూ అదే.

ఇంటికి రాగానే వంటింట్లో ఆవిడకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మోకాలికేం కాలేదని నాకు తెలుసు అత్తయ్యా, అసలు సంగతేంటో చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి లేవను అన్నాను. ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూసింది.

"అమ్మగారిని వెళ్ళగొట్టిన చేతుల్లోంచి నేను తీసుకోను. ఆ చేతుల్లో నీవీ ఉన్నాయి."

తర్వాత అంతా బయటపడింది. ఆవిడ ఆ రోజు చూసింది చూసినట్టు చెప్పింది. అందరి ముందూ నిలబెట్టారు. మెడలోది తీయించారు. తాళాలు లాక్కున్నారు. తప్పులు చేశాను క్షమించండి అని ఆమె చేతే అనిపించారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే పొమ్మన్నారు. తర్వాత కేకు కోసుకుని తిన్నారు. ఆ రోజు నుంచీ ఆమె గుడి గుమ్మం తొక్కింది లేదు, ఎవరన్నా ఇంటికి ఫోన్ చేసి అడిగినా కుదరదని నేనే చెప్తున్నాను. చెవులారా విన్నానంది. ఇంగ్లీషు రాకపోయినా ఆ మాత్రం అర్థమవుతుందంది.

ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు, అదీ నా ఖర్మ. వాళ్ళ ఊళ్ళో ఒకసారి సంఘంలో పార్టీలొచ్చి, అయ్యగారి దగ్గర గుడి తాళాలు గుంజుకుని ఆయన కుటుంబాన్ని రోడ్డు మీద నిలబెట్టారట. అప్పుడు అత్తయ్య కొత్త కోడలు. మావయ్య వద్దంటున్నా వినకుండా వాళ్ళకి రోజూ క్యారేజీ తీసుకెళ్ళింది. గుంజుకున్నవాళ్ళు వేరే పాస్టర్ని తెచ్చి సంస్కారం ఇప్పిస్తే, ఏడాది పొడుగునా ముట్టుకోలేదు. మామూలుగా బదిలీ మీద వెళ్ళే అయ్యగార్ని ఊరంతా వ్యానులెక్కి కొత్త ఊళ్ళో దించి వస్తుంది, ఆయన ప్రతి పెళ్ళికీ మళ్ళీ వస్తూనే ఉంటాడు. మళ్ళీ గుమ్మం తొక్కలేదంటే ఆవిడ లెక్కలో ఒకటే అర్థం.

అది శిక్ష కాదు, పద్ధతి అని చెప్పాను. వినలేదు. లోపలికెళ్ళి ఆ రోజు బులెటిన్ తెచ్చి చూపించాను. ఇదిగో, క్షమించండి అనేది కూడా ముందే ఉంది, ఎవరు వెళ్ళినా అదే చదువుతారు, నేనే టైప్ చేశాను అన్నాను.

"అయితే ఆమె నేరం రాసింది కూడా నువ్వేనా," అంది అత్తయ్య.

మా ఆయన వెళ్ళి నచ్చజెప్పబోయాడు. నీ పెళ్ళాం ఉద్యోగం పోకూడదని నువ్వు అలాగే చెప్తావులే అని ఆయన్నీ కడిగిపారేసింది. మొండిఘటం. ప్రాణం మీదికొచ్చినా పట్టిన పట్టు విడవదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే సింకు దగ్గరికెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. కడుగుతూ కడుగుతూ ఉంటే ఏడుపొచ్చింది. ఎవరో తెల్లావిడకి అన్యాయం జరిగిందని, తన ప్రాణాన్ని పక్కన పెట్టి ఆవిడ పక్షాన నిలబడింది ఈ ముసలావిడ. నేను తొమ్మిదేళ్ళు ఆవిడ దగ్గర పని చేసి, ఆవిడ కోసం ఏం వదులుకున్నాను? ఏమీ లేదు.

సరే, ఈ పని నేనే తేల్చాలి అనుకున్నాను. నేనే అందరికీ చెప్పే రూలుని నేనే పక్కన పెట్టి పాత రెక్టర్‌కి మెసేజ్ పెట్టాను. సంగతంతా రాసి, ఒక్క పది నిమిషాలు వచ్చి మీ నోటితో మీరు చెప్పండి చాలు అన్నాను. చాలాసేపటికి జవాబొచ్చింది. మీ అత్తయ్య కోసం ప్రార్థన చేస్తున్నాను, మీ ఫాదర్‌తో మాట్లాడు, ఆయన పిలిస్తే వస్తాను. అంతే. చిక్కుడుకాయలు వొలిచిన చేతులేనా ఇవి అనిపించింది. ఫోను సోఫాలోకి విసిరేశాను.

సోమవారం పొద్దున కోటు కూడా విప్పకుండా ఫాదర్ గదిలోకి వెళ్ళాను. అన్నీ చెప్పి, ఆవిడని పిలవండి అన్నాను. ఆయన అంతా విన్నాడు, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాలేదు. తర్వాత పిలవనన్నాడు. ఎందుకని గొంతు పెంచాను. ఆవిడ వచ్చి చెప్తే మీ అత్తగారు నన్ను కాదు, ఆవిడని నమ్మి సంస్కారం తీసుకుంటుంది, ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో మీ అత్తగారి పక్కన ఉండాల్సింది నేను, రేపు ఏదైనా అయితే మీ ఇంటికి రావాల్సింది కూడా నేను అన్నాడు. మీరు వస్తే అత్తయ్య మీ ముఖం కూడా చూడదు ఫాదర్ అన్నాను. చూడకపోయినా సరే వస్తానన్నాడు. నేనూ మొండిదాన్నే, చాలాసేపు వాదించాను. ఆయన ఉన్న చోటు నుంచి ఒక్క అంగుళం కదల్లేదు. ఇటు ఈయన, అటు ఆవిడ, ఇంట్లో ఇంకో ఆవిడ. ముగ్గురు మొండివాళ్ళ మధ్య నా తల ప్రాణం తోకకొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం ఫాదర్ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పాడు, ఎవరూ చెప్పకుండానే. చేతిలో ఏమీ లేదు. రొట్టె పెట్టుకునే చిన్న పెట్టె కార్లోనే వదిలేశాడు. అడిగితే తెస్తాను, అడక్కపోతే తేను అని నాతో మెల్లిగా అన్నాడు. అత్తయ్య సోఫాలో నిటారుగా కూర్చునుంది. వందనాలు చెప్పలేదు. కానీ ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఉండలేదు కాబట్టి, ఆయన వైపు చూడకుండా నాకు సైగ చేసింది. నేను కాఫీ ఇచ్చి ఇద్దరి మధ్యా కింద కూర్చున్నాను.

మొదటి ప్రశ్న ఆవిడే వేసింది. ఆమె ఏం తప్పు చేసిందో అడుగు అంది. అడిగాను. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదని ఫాదర్ చెప్పాడు. మరి తాళాలెందుకు గుంజుకున్నారు అంది. గుంజుకోలేదు, ఆవిడే ఇచ్చింది, ప్రతి ఒక్కరం ఇస్తాం అన్నాడు. నువ్వు కూడానా అంది. నేను కూడా అన్నాడు. ఇక్కడికి వచ్చే ముందు ఉన్న చర్చిలో అలాగే స్టోల్ తీసి, తాళాలిచ్చి, క్షమించమని అడిగి వచ్చాను. దాని ముందు ఉన్న చోటా అంతే. వచ్చే ఏడాది మీ ముందు కూడా అలాగే నిలబడతాను అన్నాడు.

అత్తయ్య మొదటిసారి ఆయన వైపు తిరిగి కూర్చుంది.

ఆ చర్చిలకి మళ్ళీ వెళ్తుంటావా అని అడిగింది. లేదు, వెళ్ళకూడదు అన్నాడు. ఒక చోట తను బాప్తిస్మం ఇచ్చిన కవలపిల్లలు ఇప్పుడు కాలేజీకి వచ్చి ఉంటారన్నాడు, ఫోటో కూడా చూడలేదన్నాడు. ఏడుస్తూ చెప్పలేదు. కాఫీ తాగుతూ మామూలుగా చెప్పాడు. ఈయన మీదేనా నేను బీరువా సర్దాడని ఇన్నాళ్ళూ పళ్ళు నూరింది అనుకున్నాను.

అత్తయ్య చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆపరేషన్ గురించి అడుగుతుందేమో, భయం గురించి చెప్తుందేమో అనుకున్నాను. గురువారం పొద్దున గుండె తెరిపించుకోబోయే మనిషి కదా.

"పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, ఒక గుడి అంటూ లేదు. రేపు నువ్వు పోతే నీ భూస్థాపన ఏ సంఘం చేస్తుంది అని అడుగు," అంది.

అత్తయ్యా, అదేం ప్రశ్న అన్నాను. అడగమంది. నేను నీళ్ళు నములుతూ ఎలాగో ఇంగ్లీషులో పెట్టాను. ఫాదర్ కప్పు కింద పెట్టాడు. నాకు తెలీదు అన్నాడు. ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు అన్నాడు.

"మేం చేస్తామని చెప్పు," అంది అత్తయ్య. "గురువారం నేను బతికి బయటపడితే నేనే నిలబడి చేయిస్తా. లేకపోతే నా కొడుకు చేయిస్తాడు."

నేను చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పటికి నేను మీ ఫాదర్‌ని కాను, ఆ చర్చికి నేను రాకూడదని ఆవిడకి చెప్పు అన్నాడు. ఆ మాట చెప్పగానే అత్తయ్యకి కోపం వచ్చింది.

"పెట్టెలో పడుకుని వచ్చేవాడు ఆరాధన జరిపిస్తాడా? అయ్యగారిగా రావద్దను. మా మనిషిగా రమ్మను."

ఇది చెప్పడానికి నేను రెండుసార్లు మొదలుపెట్టాల్సొచ్చింది. అత్తయ్య కొంగు నెత్తిమీద కప్పుకుంది. బల్ల దగ్గర రొట్టె కోసం పట్టినట్టు రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అరచెయ్యి పైకి పట్టుకుని కూర్చుంది. దానికి తర్జుమా అక్కర్లేదు.

ఆయన లేచి బయటికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాకపోతే కిటికీలోంచి చూశాను. కారు తలుపు తీసే ఉంది, పెట్టె ఆయన చేతిలోనే ఉంది. ఆ చలిలో కోటు లేకుండా, సాక్సులతోనే స్నోలో నిలబడి ఆయన ఏడుస్తున్నాడు.

వచ్చాడా అంది అత్తయ్య, చేతులు దించకుండా. వస్తున్నాడు అత్తయ్యా అన్నాను. తొందర లేదు, మెల్లిగా రానీ అంది.